గుండ్రటి పూస కోడిగుడ్డయ్యే చోటు: త్రీడీ మైక్రోస్కోపీ సాఫ్ట్‌వేర్ ఏం కొలుస్తుంది, ఏం ఊహిస్తుంది

వంద నానోమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లోరసెంట్ (వెలుగు పడితే తానూ వెలిగే) పూసను గాజు పలకకు అంటించి, కాన్ఫోకల్ మైక్రోస్కోపు కింద పొరలు పొరలుగా చిత్రాలు తీసి, వాటన్నిటినీ కలిపి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, పై నుంచి చూసినంతసేపూ అది గుండ్రంగానే ఉంటుంది. మౌసుతో పట్టుకుని పక్కకు తిప్పగానే నిలువునా సాగి, నిలబెట్టిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. పూస సాగలేదు, సాఫ్ట్‌వేరూ తప్పు చేయలేదు. లెన్సు గుండా వచ్చిన వెలుగు పక్కలకు కొంత, లోతుకు అంతకంటే ఎక్కువ పరుచుకుంది, సాఫ్ట్‌వేర్ తనకు అందినదాన్ని అందినట్టే చూపింది. ఇమారిస్, అమీరా, ఫిజీ, నపారి వంటి పేర్లతో జీవశాస్త్ర ప్రయోగశాలల్లో రోజూ వాడే సాఫ్ట్‌వేర్ల చుట్టూ ఉన్న చిక్కుల్లో చాలా ఈ కోడిగుడ్డు దగ్గరే మొదలవుతాయి. తెర మీద గిరగిరా తిరిగే రంగుల కణాన్ని చూసినవారు దాన్ని ఫొటోగా భావిస్తారు. నిజానికి అది కొన్ని కొలతల మీద, మరికొన్ని ఊహల మీద కట్టిన అంచనా. ఆ ఊహల్లో కొన్ని భౌతికశాస్త్రం విధించినవి, కొన్ని సాఫ్ట్‌వేర్ రాసినవారు పెట్టినవి, మిగిలినవి బటన్ నొక్కిన పరిశోధకుడు తెలిసో తెలియకో ఎంచుకున్నవి.

మైక్రోస్కోపు నుంచి కంప్యూటర్‌కు చేరేది సంఖ్యల పట్టికల దొంతర మాత్రమే. ఒక్కో పట్టిక ఒక్కో లోతులో తీసిన చిత్రం. ఈ దొంతరను ప్రయోగశాలల్లో జెడ్-స్టాక్ అంటారు. పట్టికలోని గడి పిక్సెల్ అయితే, దానికి మందం కూడా కలిపినప్పుడు అది వాక్సెల్ అవుతుంది. ఈ వాక్సెల్ సాధారణంగా సమఘనం కాదు. అడ్డంగా 0.1 మైక్రాను, నిలువుగా 0.3 మైక్రాను (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రాను) అన్న కొలతలు మామూలుగా కనిపిస్తాయి కాబట్టి దాన్ని నిలబెట్టిన ఇటుకతో పోల్చుకోవచ్చు. ఇలా ఎందుకన్నదానికి జవాబు ఎర్నెస్ట్ అబే 1873లో చెప్పిన హద్దులో ఉంది. వెలుగు తరంగదైర్ఘ్యాన్ని లెన్సు న్యూమరికల్ అపర్చర్‌కు, అంటే అది ఎంత వెడల్పు కోణంలో వెలుగును పోగుచేయగలదో చెప్పే సంఖ్యకు, రెట్టింపుతో భాగిస్తే వచ్చే దూరం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను మామూలు మైక్రోస్కోపు విడదీసి చూపలేదు. 520 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుకు, 1.4 అపర్చర్ ఉన్న మంచి ఆయిల్ లెన్సుకు (లెన్సుకూ గాజుకూ మధ్య నూనె వేసి వాడేది) ఆ దూరం సుమారు 190 నానోమీటర్లు. లోతు దిశలో వాడే సూత్రం ప్రకారం అదే లెన్సుకు హద్దు 800 నానోమీటర్ల దాకా పోతుంది. కోడిగుడ్డు ఆకారానికి మూలం ఈ నాలుగు రెట్ల తేడాయే. మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు దరఖాస్తు చేసిన కాన్ఫోకల్ పద్ధతి, సన్నటి రంధ్రం అడ్డుపెట్టి ఫోకస్‌లో లేని వెలుగును చాలావరకు వడకడుతుంది గానీ, లోతు దిశలోని ఈ సాగుదలను పూర్తిగా తీసేయలేదు. మామిడి తాండ్రలో పూత మీద పూత పోసి ఎండబెట్టాక పొరల మధ్య గీత ఎలా చెరిగిపోతుందో, జెడ్-స్టాక్‌లోనూ ఒక పొర వెలుగు పై పొరలోకీ కింది పొరలోకీ అలాగే దిగుతుంది.

పట్టికల దొంతరకు ఆకారం రావాలంటే పొరకూ పొరకూ మధ్య దూరం ఎంతో సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. ఆ దూరం చిత్రంలో ఎక్కడా ఉండదు, ఫైలుతో పాటు వచ్చే వివరాల్లో, అంటే మెటాడేటాలో ఉంటుంది. జైస్, లైకా, నికాన్, ఒలింపస్ కంపెనీల మైక్రోస్కోపులు ఎవరి ఫైలు పద్ధతిలో అవి దాన్ని దాచుకుంటాయి. వీటన్నిటినీ చదివి ఒకే రూపంలోకి తెచ్చే బయో-ఫార్మాట్స్ అనే ఉచిత లైబ్రరీ 150కి పైగా ఫైలు రకాలను తెరుస్తుందంటే, అన్ని రకాలు పుట్టుకొచ్చినందుకు విచారించాలో, ఎవరో ఒకరు అన్నిటినీ చదివే పని తలకెత్తుకున్నందుకు సంతోషించాలో తెలియదు. అసలు చిక్కు ఫైలును మామూలు టిఫ్‌గా మార్చి దాచుకున్నప్పుడు వస్తుంది. మార్చే క్రమంలో మెటాడేటా జారిపోతే ఫిజీకి మూలమైన ఇమేజ్‌జే వంటి సాఫ్ట్‌వేర్ వాక్సెల్ కొలతలను ఒకటి, ఒకటి, ఒకటిగా అనుకుంటుంది. 0.3 మైక్రాన్ల ఎడంతో తీసిన పొరలను ఒక మైక్రాను ఎడంతో పేర్చినట్టు లెక్కవేస్తే, గుండ్రటి కేంద్రకం నిలువుగా మూడు రెట్లకు పైగా సాగుతుంది, దాని ఘనపరిమాణమూ అంతే రెట్లు పెరుగుతుంది. ఇంత పెద్ద తప్పు కంటికి ఆనుతుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. 0.3కు బదులు 0.35 అని నమోదైతే ఎవరూ పట్టుకోరు, కానీ ప్రతి ఘనపరిమాణమూ ఆరింట ఒక వంతు పెరిగి పరిశోధన వ్యాసంలోకి ఎక్కుతుంది.

మెటాడేటా సరిగ్గా ఉన్నా తప్పు దూరే దారి ఇంకొకటి ఉంది. ఆయిల్ లెన్సు, వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం 1.515 ఉన్న నూనె కోసం తయారైంది, బతికున్న కణాలు ఉండేదేమో గుణకం 1.33 ఉన్న నీటిలాంటి ద్రవంలో. నమూనాను పెట్టిన వేదిక పది మైక్రాన్లు జరిగినప్పుడు నమూనాలో ఫోకస్ కూడా పది మైక్రాన్లు జరిగిందని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. వాస్తవంలో అది తొమ్మిది మైక్రాన్ల కంటే తక్కువే జరుగుతుంది. అంటే తెర మీద కనిపించే ఎత్తు అసలు ఎత్తు కంటే ఎక్కువ. దీన్ని సవరించే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్నా, ఏ ద్రవంలో పెట్టి ఏ లెన్సుతో చూశారో చెప్పాల్సింది మనిషే.

చూపించే పద్ధతుల విషయానికొస్తే మూడు ప్రధానమైనవి. మొదటిది గరిష్ఠ తీవ్రత ప్రొజెక్షన్. చూసే దిశలో వరసగా ఉన్న వాక్సెళ్లలో అన్నిటికంటే వెలుగున్నదాన్ని మాత్రమే తెర మీదకు తెస్తుంది. వేగంగా పనిచేస్తుంది, పత్రికల్లో అందంగా అచ్చవుతుంది. కానీ లోతు మొత్తం చదునైపోతుంది కాబట్టి పది మైక్రాన్ల ఎడంలో ఒకదాని మీదుగా ఒకటి పోతున్న రెండు నాడీకణాల కొమ్మలు కలిసినట్టే కనిపిస్తాయి. రెండోది వాల్యూమ్ రెండరింగ్. కంటి నుంచి దొంతర గుండా ఊహా కిరణాలను పంపి, ప్రతి వాక్సెల్‌కూ దాని తీవ్రతను బట్టి కొంత రంగు, కొంత పారదర్శకత ఇస్తూ కూడుకుంటూ పోవడం దీని పద్ధతి. ఏ తీవ్రతకు ఎంత పారదర్శకత అన్న రేఖను వాడేవారే గీస్తారు. ఆ రేఖను కాస్త పక్కకు లాగితే మసకగా ఉన్న సన్నటి తంతువులన్నీ మాయమై కణం శుభ్రంగా కడిగినట్టు కనిపిస్తుంది. మూడోది ఉపరితలం. ఒకానొక తీవ్రత దగ్గర గీత గీసి, ఆ గీత వెంట చిన్న చిన్న త్రిభుజాలతో తొడుగు అల్లుతారు. దీనికి 1987లో లోరెన్‌సన్, క్లైన్ ప్రచురించిన మార్చింగ్ క్యూబ్స్ పద్ధతి ఇప్పటికీ ఆధారం. విచిత్రమేమిటంటే, మూడింటిలోనూ అతి గట్టిగా, అతి నమ్మదగినదిగా కనిపించే ఈ నున్నటి తొడుగులోనే ఊహ పాలు ఎక్కువ. మసక అంచు ఉన్నచోట అది కత్తితో కోసినట్టు అంచును చూపిస్తుంది. చూసేవారికి ఆ మసక సంగతే తెలియకుండా పోతుంది.

చూపే తీరు మార్చడం వేరు, సంఖ్యలు మార్చడం వేరు. పదహారు బిట్ల చిత్రంలో ప్రతి వాక్సెల్‌కూ 65,536 స్థాయులు ఉండవచ్చు. తెర వాటన్నిటినీ చూపలేదు కాబట్టి వెలుగును, వెలుగునీడల తేడాను సర్దుకుంటారు. ఇమేజ్‌జేలో ఈ సర్దుబాటు పెట్టె కింద ‘అప్లై’ అని ఒక చిన్న బటన్ ఉంది. అది నొక్కనంతవరకూ మారింది కంటికి కనిపించేది మాత్రమే, నొక్కితే లోపలి సంఖ్యలే మారిపోతాయి. ఆ తర్వాత కొలిచిన తీవ్రతలకు మైక్రోస్కోపు చూసినదానితో సంబంధం తెగిపోతుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీదే పని చేయాలన్న నియమం చాలా ప్రయోగశాలల్లో ఎందుకు ఉందో చెప్పడానికి ఈ ఒక్క బటన్ చాలు.

కోడిగుడ్డును మళ్లీ గుండ్రటి పూసగా మార్చే ప్రయత్నాన్ని డీకన్వల్యూషన్ అంటారు. ఒక బిందువు వెలుగు లెన్సు గుండా వచ్చేసరికి ఏ ఆకారంలో పరుచుకుంటుందో తెలిస్తే, పరుచుకున్న చిత్రం నుంచి అసలు బిందువు ఎక్కడుందో వెనక్కి లెక్కగట్టవచ్చన్నది దీని తర్కం. మొదట్లో చెప్పిన వంద నానోమీటర్ల పూస నిజానికి ఈ కొలత కోసం వాడేదే. లెన్సు హద్దు కంటే అది చిన్నది కాబట్టి దాని చిత్రమే లెన్సు స్వభావానికి నమూనా అవుతుంది. 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ విడివిడిగా ప్రతిపాదించిన లెక్క ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞులూ దీన్నే వాడుకున్నారు. 1990లో పైకి వెళ్లిన హబుల్ టెలిస్కోపు అద్దంలో లోపం బయటపడ్డాక, 1993లో మరమ్మతు జరిగేదాకా మసకబారిన చిత్రాలను తేటపరచడానికి ఈ లెక్క కూడా అక్కరకొచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన హైగెన్స్ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా ఈ పని మీదే పేరు తెచ్చుకుంది. అయితే ఈ లెక్కను ఎన్నిసార్లు తిప్పాలన్నది వాడేవారి చేతిలో ఉంటుంది. కొన్ని ఆవృత్తుల దాకా చిత్రం తేటపడుతూ వస్తుంది, ఆ తర్వాత లెక్క వెలుగులోని సహజమైన రొదను (యాదృచ్ఛిక హెచ్చుతగ్గులను) కూడా నిర్మాణంగా భావించి చుక్కలు చుక్కలుగా పేర్చడం మొదలుపెడుతుంది. కణంలో లేని రేణువులు అప్పుడు తెర మీద స్పష్టంగా, గుండ్రంగా, లెక్కపెట్టుకోవడానికి వీలుగా ప్రత్యక్షమవుతాయి.

చూపించడం నుంచి కొలవడానికి మారే మెట్టు సెగ్మెంటేషన్. ఏ వాక్సెల్ కేంద్రకంలోది, ఏది బయటిది అని తేల్చడమే ఈ పని. మిగతా అన్ని లెక్కలూ, అంటే సంఖ్య, ఘనపరిమాణం, దూరం, ఆకారం, అన్నీ దీని మీదే ఆధారపడతాయి. అతి సరళమైన పద్ధతి థ్రెషోల్డ్: ఫలానా తీవ్రతకు పైన ఉన్నవన్నీ లోపలివి, కిందివి బయటివి. ఆ హద్దును యంత్రమే ఎంచుకునేలా నొబుయుకి ఓత్సు 1979లో ఇచ్చిన సూత్రం దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక మెనూ దూరంలో ఉంటుంది.

హద్దు కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందన్నది అంకెల్లో చూడటం మంచిది. పది మైక్రాన్ల వ్యాసం ఉన్న గుండ్రటి కేంద్రకం ఘనపరిమాణం 524 ఘన మైక్రాన్లు. థ్రెషోల్డ్ కొద్దిగా తగ్గించడం వల్ల అంచు అన్ని వైపులా 0.2 మైక్రాను, అంటే రెండు పిక్సెళ్లు, బయటికి జరిగిందనుకుంటే అది 589 అవుతుంది. పెరుగుదల పన్నెండున్నర శాతం. అదే జరుగుడు ఒక మైక్రాను వ్యాసమున్న, కణం లోపలి చిన్న సంచిలాంటి కోశానికి జరిగితే దాని ఘనపరిమాణం 2.7 రెట్లవుతుంది. తెర మీద రెండు పిక్సెళ్ల తేడాను కన్ను గుర్తించదు. మందు వేసిన కణాల్లో కోశాలు ఇరవై శాతం ఉబ్బాయి అని ఒక గ్రాఫు చెబుతున్నప్పుడు, ఉబ్బింది కోశాలా, లేక మందు వల్ల వెలుగు పెరిగి అంచు బయటికి జరిగిందా అన్న ప్రశ్నకు గ్రాఫులో జవాబు దొరకదు. థ్రెషోల్డ్‌ను కొంచెం పైకీ కిందికీ మార్చి చూసినప్పుడు కూడా రెండు గుంపుల మధ్య తేడా నిలబడిందా లేదా అని చూపడం ఇందుకు తేలికైన పరీక్ష. ఐదు నిమిషాల పనే అయినా చేసేవారు తక్కువ.

నిజమైన కణజాలంలో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంటుంది. పై పొరల్లో ప్రకాశవంతంగా ఉన్న కేంద్రకాలు లోతుకు వెళ్లేకొద్దీ వెలుగు చెదిరిపోవడం వల్ల మసకబారతాయి. దొంతర మొత్తానికి ఒకే థ్రెషోల్డ్ పెడితే పైన రెండు కేంద్రకాలు అంటుకుని ఒకటవుతాయి, అడుగున ఉన్నవి అసలు లెక్కకే రావు. కేంద్రకాలు ఒకదానికొకటి తగులుతున్న చోట వాటర్‌షెడ్ పద్ధతిని ఆశ్రయిస్తారు. ప్రతి కేంద్రకం నడిమి భాగాన్ని ఒక గుంటగా ఊహించుకుని, గుంటల్లోకి నీళ్లు వదిలి, రెండు గుంటల నీళ్లు కలవబోయే చోట గట్టు వేయడం అన్నమాట. గుంటలను సరిగ్గా గుర్తిస్తే గట్లు సరైన చోట పడతాయి. కాస్త గరుకుగా ఉన్న కేంద్రకంలో రెండు గుంటలు కనిపిస్తే ఒకే కేంద్రకాన్ని చీల్చి రెండుగా లెక్కిస్తుంది. అంచులను ముందుగా ఎంత నునుపు చేయాలన్న ఒక్క సంఖ్య మీద మొత్తం లెక్క ఆధారపడటం ఈ పద్ధతి తెలిసినవారికి కొత్త కాదు.

గత కొన్నేళ్లుగా ఈ పనిని న్యూరల్ నెట్‌వర్కులు, అంటే ఉదాహరణ చిత్రాల నుంచి నేర్చుకునే ప్రోగ్రాములు, చేపట్టాయి. వాటిలో స్టార్‌డిస్ట్ ప్రతి కేంద్రకాన్నీ ఒక నడిమి బిందువు నుంచి అన్ని దిక్కులా గీసిన కిరణాల చివరలతో వర్ణిస్తుంది. కాబట్టి గుండ్రటి వాటికి బాగా పనికొస్తుంది, కొమ్మలు సాచిన కణాలకు పనికిరాదు. సెల్‌పోజ్ ప్రతి పిక్సెల్ నుంచి కణం నడిమి భాగం ఏ దిక్కున ఉందో అంచనా వేసి, ఆ దిక్సూచులు ఎటు చేరుతున్నాయో చూసి కణాలను విడదీస్తుంది. త్రీడీలో ఇది దొంతరను మూడు దిశల్లో కోసి, మూడు సెట్ల చదునైన చిత్రాల మీద వచ్చిన జవాబులను కలుపుతుంది. థ్రెషోల్డ్‌తో గంటల తరబడి కుస్తీ పట్టిన చోట ఇవి నిమిషాల్లో మెరుగైన ఫలితం ఇస్తాయనడంలో సందేహం లేదు. అయితే థ్రెషోల్డ్ తప్పితే ఎందుకు తప్పిందో చెప్పగలం. నెట్‌వర్కు తప్పితే అది నేర్చుకున్న చిత్రాల్లో ఇలాంటి కణం లేకపోయి ఉండవచ్చునని అనుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ. చేత్తో గుర్తించిన కొన్ని పొరలను పక్కన పెట్టుకుని పోల్చి చూడటం ఒక్కటే మార్గం.

రెండు ప్రొటీన్లు ఒకే చోట ఉన్నాయని తేల్చే కోలోకలైజేషన్ విశ్లేషణలో కోడిగుడ్డు మళ్లీ ఎదురవుతుంది. ఒక ప్రొటీన్‌కు ఆకుపచ్చ, మరోదానికి ఎరుపు రంగు వేస్తే, రెండూ కలిసిన చోట తెర మీద పసుపు కనిపిస్తుంది. కానీ ప్రొటీన్ పరిమాణం కొన్ని నానోమీటర్లే. మైక్రోస్కోపు చూడగల అతి చిన్న దిమ్మె అడ్డంగా రెండు వందల నానోమీటర్లు, నిలువుగా అంతకు మూడు నాలుగు రెట్లు. ఆ దిమ్మెలో ఎన్నో ప్రొటీన్లు ఒకదాన్నొకటి ముట్టుకోకుండానే సర్దుకోగలవు. పసుపు రంగు చెప్పేది రెండూ ఒకే పేటలో ఉన్నాయని, ఒకే ఇంట్లో ఉన్నాయని కాదు. పియర్సన్ గుణకం గానీ, మాండర్స్ 1993లో ప్రతిపాదించిన గుణకాలు గానీ ఈ పసుపును సంఖ్యగా మారుస్తాయి తప్ప లెన్సు హద్దును దాటించలేవు. ఒక చిత్రాన్ని తొంభై డిగ్రీలు తిప్పి రెండోదానితో మళ్లీ లెక్కగట్టి, యాదృచ్ఛికంగా ఎంత కలయిక వస్తుందో చూసుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ల ఎంపిక గురించి కొంత చెప్పుకోవాలి. ఇమారిస్ జ్యూరిక్‌లో బిట్‌ప్లేన్ సంస్థలో పుట్టి, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేతిలో ఉంది. అమీరా బెర్లిన్‌లోని జూజె ఇన్‌స్టిట్యూట్‌లో మొదలై ఇప్పుడు థర్మో ఫిషర్ పేరుతో అమ్ముడవుతోంది. ఇవి ఖరీదైనవి. పెద్ద సంస్థల్లో ఉమ్మడి ఇమేజింగ్ కేంద్రంలో ఒకటి రెండు లైసెన్సులు కొని, గంటల లెక్కన బుక్ చేసుకుని వాడుకుంటారు. మరోవైపు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ 1997లో మొదలుపెట్టిన ఇమేజ్‌జే, దానికి ప్లగిన్లు చేర్చి కట్టిన ఫిజీ పూర్తిగా ఉచితం. ‘ఫిజీ ఈజ్ జస్ట్ ఇమేజ్‌జే’ అన్న వాక్యం మొదటి అక్షరాలతోనే ఆ పేరు వచ్చింది, అంటే పేరు వివరణలోనే పేరుంది. పైథాన్ తెలిసిన కొత్త తరం నపారి వైపు మొగ్గుతోంది. డబ్బు పెట్టి కొన్నదానిలో సౌకర్యం ఉంటుంది: ఇమారిస్‌లో చుక్కలను, ఉపరితలాలను, తంతువులను వేర్వేరు రకాల వస్తువులుగా గుర్తించి, వాటి మధ్య దూరాలను నేరుగా అడగవచ్చు. ఉచితమైన వాటిలో జాడ ఉంటుంది: ఫిజీలో మ్యాక్రో రికార్డర్ తెరిచి ఉంచితే నొక్కిన ప్రతి బటన్ ఒక వాక్యంగా నమోదవుతుంది, దాన్ని పరిశోధన వ్యాసంతో పాటు ఇస్తే ఎవరైనా అదే లెక్కను మళ్లీ చేసి చూడవచ్చు. ‘త్రీడీ విశ్లేషణ ఫలానా సాఫ్ట్‌వేర్‌తో చేశాం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే వ్యాసం, ‘పరీక్ష మైక్రోస్కోపుతో చేశాం’ అని చెప్పి ఊరుకున్నదానితో సమానం.

ఇదంతా కంప్యూటర్ మెమరీలో ఇమిడే దొంతరల సంగతి. హైడెల్‌బర్గ్‌లోని యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ లాబొరేటరీ నుంచి 2004లో వెలువడిన లైట్-షీట్ పద్ధతి తర్వాత లెక్క మారింది. పలుచటి కాంతి పొరతో పక్క నుంచి వెలిగించే ఈ పద్ధతిలో బతికున్న చేప పిండాన్ని గంటల తరబడి చిత్రించవచ్చు. 2048 పిక్సెళ్ల చదరపు చిత్రం పదహారు బిట్లలో 8 మెగాబైట్లు. వంద పొరలు, రెండు రంగులు అంటే 1.6 గిగాబైట్లు. మూడు వందల కాలబిందువులకు దాదాపు 500 గిగాబైట్లు. దీన్ని మొత్తంగా తెరవడం అసాధ్యం కాబట్టి బిగ్‌డేటావ్యూయర్ వంటివి ఒకే దొంతరను పూర్తి స్పష్టతతో, సగంతో, పావుతో ఇలా అంతస్తులుగా దాచి, చూస్తున్న భాగాన్ని మాత్రమే, చూస్తున్న దూరానికి తగిన స్పష్టతతో డిస్కు నుంచి తెచ్చుకుంటాయి. ఇమారిస్ ఫైళ్లూ లోపల ఇదే పద్ధతిలో ఉంటాయి.

ఈ దారిలో అతి దూరం వెళ్లిన ఉదాహరణ పండ్ల ఈగ మెదడు. ఒక ఆడ ఈగ మెదడును సుమారు 7,000 పలుచటి ముక్కలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చిత్రించారు. అందులోని 1,39,255 న్యూరాన్ల (నాడీకణాల) పూర్తి పటాన్ని ఫ్లైవైర్ అనే పరిశోధక బృందం 2024 అక్టోబరులో ప్రచురించింది. అంతకుముందు 1986లో ప్రచురితమైన సి. ఎలిగాన్స్ పురుగు పటంలో న్యూరాన్లు 302 మాత్రమే, వాటిని అచ్చు వేసిన చిత్రాల మీద చేత్తో గుర్తించుకుంటూ పోవడానికే ఏళ్లు పట్టింది. ఈగ మెదడులో న్యూరాన్ల హద్దులను యంత్రమే గీసింది. అయితే యంత్రం ఒక కొమ్మను తెంచి వదిలేసిన చోట్లూ, రెండు వేర్వేరు న్యూరాన్లను అతికించిన చోట్లూ ఉన్నాయి. వాటిని పరిశోధకులు, వారితో చేరిన ఇతరులు త్రీడీలో తిప్పి చూస్తూ, తెగిన కొనను పట్టుకుని ముందుకు వెళ్తూ, అతుకు కనిపించినప్పుడు విడదీస్తూ సరిదిద్దారు. ఆ సరిదిద్దుడుకు పట్టిన శ్రమను ఆ బృందమే ఒక మనిషి 33 ఏళ్లు చేసే పనితో సమానమని అంచనా వేసింది.